మెట్ల మధ్య స్వరం: పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్

ఈ సంచికకు ఒక వ్యాసం ఇవ్వమని యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, సైన్సు విద్యార్థిని గనుక ఏ కృత్రిమ ఉపగ్రహాల గురించో, ఎరువుల వాడకం గురించో రాస్తానని మిత్రులంతా అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కాని మొన్న వేసవిలో మా అక్క పెళ్లిలో జరిగిన ఒక చిన్న సంభాషణ నన్ను వేరే దారి పట్టించింది. ఆ దారి మా ఊరి పెళ్లి పందిట్లో బ్యాండు మేళం దగ్గర మొదలై, పాలకొల్లు మీదుగా మద్రాసు, అక్కడి నుంచి బెర్లిన్ దాకా పోయి, తిరిగి వచ్చి మన ఫిజిక్సు లేబరేటరీలో సోనోమీటరు బల్ల దగ్గర ఆగింది. పాఠకులు కొంచెం ఓపిక పట్టి నాతో రావలసిందని మనవి.

పెళ్లి పందిట్లో ప్రశ్న

మాది వ్యవసాయ కుటుంబం. సార్వా, దాళ్వా, మధ్యలో అపరాలు. మా ఇంటి క్యాలెండరు అంతే. సంగీతంతో మాకున్న సంబంధం కూడా అంతంత మాత్రమే. శ్రీరామనవమి పందిట్లో హరికథ, ఫోనులో సినిమా పాటలు, పెళ్లిళ్లలో మేళం. అక్క పెళ్లికి సన్నాయి మేళం కాకుండా బ్యాండు సెట్టు కూడా పెట్టారు. క్లారినెట్టు, ట్రంపెట్లు, డ్రమ్ములు, వాటి వెనక ఒకాయన భుజానికి చుట్టుకున్న పెద్ద ఇత్తడి బూర. ఆ బూర పాట ఎత్తుకోదు. అందరి వెనకా నడుస్తూ భోం, భోం అని అడుగు వేస్తుంది. అది ఆగిపోతే మాత్రం ముందున్న పాట నేల మీద నిలబడదు.

ఎదురు సన్నాహం అయ్యాక బ్యాండువాళ్లు పందిరి చివర కూర్చున్నారు. క్లారినెట్టు వాయించిన కుర్రాడికి ఇంచుమించు నా వయసే. మంచినీళ్లు ఇచ్చి, డిగ్రీ చదువుతున్నాననే ధీమాతో అడిగాను: "ఇది మన వాద్యం కాదు కదా, ఇంగ్లీషు వాళ్లది. దీని మీద త్యాగరాయ కీర్తన ఎలా పలుకుతుంది?"

అతను నవ్వి, "ఆయ్, వాద్యం ఎవరిదైతే ఏముందండి, వేళ్లు మనయ్యే కదండి. మాండలిన్ శ్రీనివాసుగారి నాన్నగారు వాయించిందీ క్లారినెట్టేనండి. ఆరిది మన పాలకొల్లే కదండి!" అన్నాడు.

పాలకొల్లు అంటే నాకు క్షీరారామం గుడి గోపురం తెలుసు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు వంటి సినిమావాళ్ల ఊరని తెలుసు. కాని ఈ సంగతి తెలియదు. పదో తరగతితో చదువు మానేసిన ఆ కుర్రాడికి తెలిసింది, నాకు తెలియకపోవడం సిగ్గనిపించింది. ఆ రాత్రి మొదలు శ్రీనివాస్ గారి కచేరీ రికార్డింగులు వినడం, ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను. విన్నకొద్దీ నాలోని సైన్సు విద్యార్థికి ఒకటే ప్రశ్న. ఆ వాద్యం మీద ఆ స్వరాలు రావడం ఎలా సాధ్యం? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న జవాబు.

గురువుకు రాని వాద్యం

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించారు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్టు విద్వాంసులు, శాస్త్రీయ సంగీతం అభ్యసించినవారు. ఇంట్లో ఉన్న తండ్రిగారి మాండలిన్ ఆరేళ్ల పిల్లవాడి చేతికి చిక్కింది. కొడుకు వేళ్లలో ఏదో ఉందని గ్రహించి తండ్రి అతనికి కొత్త మాండలిన్ కొనిపెట్టి పాఠం మొదలుపెట్టారు.

సత్యనారాయణగారి గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. చెంబై (1896-1974) అంటే కర్ణాటక సంగీతంలో మహాగాయకుడు, జేసుదాసుకు కూడా గురువు. సుబ్బరాజుగారు పిల్లవాడి ప్రతిభ చూసి తానే నేర్పుతానన్నారు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు!

మరి ఎలా నేర్పారు? ఆయన పాడేవారు. పిల్లవాడు విని, పాడింది పాడినట్టు మాండలిన్ మీద వాయించాలి. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు లేరు. ఏది కుదరదో చెప్పేవారు కూడా లేరు. ఈ రెండో మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. వాద్యం తెలిసిన గురువైతే "అబ్బాయ్, మాండలిన్ మీద ఈ గమకం రాదు, దీన్ని వదిలెయ్" అని ఉండేవారేమో. గాయకుడైన గురువుకు వాద్యం హద్దులు తెలియవు. ఆయనకు తెలిసింది పాట ఎలా ఉండాలో మాత్రమే. అందుచేత శిష్యుడు వాద్యానికి తగ్గట్టు పాటను కుదించుకోకుండా, పాటకు తగ్గట్టు వాద్యాన్ని సాగదీసుకోవలసి వచ్చింది. శ్రీనివాస్ వాదనం గాత్రంలా వినిపిస్తుందని అంటారంటే దానికి మూలం ఇదేనని నాకు తోస్తుంది.

1978లో కృష్ణా జిల్లా గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశారు. అప్పటికి ఆయన వయసు 9 ఏళ్లు.

మాండలిన్‌తో వచ్చిన చిక్కు

ఇక వాద్యం సంగతి. మాండలిన్ ఇటలీ దేశపు వాద్యం. ముఖ్యంగా నేపుల్స్ నగరంలో పెరిగి ప్రపంచమంతా పాకింది. మన దేశంలో సినిమా పాటల వాద్యబృందాల్లో వినిపించేది. మామూలు మాండలిన్‌కు 8 తీగలుంటాయి. రెండేసి చొప్పున 4 జతలు. ఒక్కో జతలోని రెండు తీగలూ ఒకే శ్రుతిలో ఉంటాయి. వేళ్ల కింద అడ్డంగా లోహపు మెట్లుంటాయి. మెట్టు మీద తీగను నొక్కితే తీగ పొడవు తగ్గి స్థాయి పెరుగుతుంది. ఇది ఇంటర్మీడియట్‌లో మనమంతా చదువుకున్నదే.

పాశ్చాత్య పద్ధతిలో ఒక స్థాయిని, అంటే షడ్జం నుంచి పై షడ్జం వరకు, 12 సమాన భాగాలు చేస్తారు. పక్కపక్క మెట్ల పౌనఃపున్యాల నిష్పత్తి సుమారు 1.0595. దీన్ని 12 సార్లు గుణిస్తే సరిగ్గా 2 వస్తుంది. తీగ పొడవు 35 సెంటీమీటర్లు అనుకుంటే మొదటి మెట్టు సుమారు 2 సెంటీమీటర్ల దూరంలో వస్తుంది. పైకి పోయేకొద్దీ మెట్లు ఇంకా దగ్గరపడతాయి.

పాశ్చాత్య సంగీతానికి ఇది చాలు. మనకు చాలదు. మన రాగంలో స్వరం ఒకచోట నిలబడి ఉండదు. ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. దాన్నే గమకం అంటాము. తోడి రాగంలో గాంధారాన్ని ఉన్నచోటే నిలబెట్టి మీటితే అది తోడి అనిపించదు. ఊగితేనే తోడి.

మా భాషలో చెప్పాలంటే మెట్లు పొలం గట్ల వంటివి. ఏ మడి నీరు ఆ మడిలోనే నిలుస్తుంది. గమకం అలా కాదు, పంట కాలువ లాగా ఆగకుండా సాగాలి. గట్లున్న చేలో కాలువ పారించడమే మాండలిన్ మీద కర్ణాటక సంగీతం.

"వీణకూ మెట్లున్నాయి కదా, దాని మీద గమకం రావడం లేదా?" అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. వీణకు 24 మెట్లు. కాని వీణ తీగ పొడుగైనది, మెట్లు ఎత్తైనవి. తీగను మెట్టు మీద పక్కకు లాగితే చక్కగా సాగుతుంది. మాండలిన్ విషయంలో మూడు ఇబ్బందులు కనబడతాయి. తీగలు పొట్టివి. జంటలు గనుక రెండింటినీ సమానంగా లాగాలి, ఏ కొంచెం తేడా వచ్చినా అపశ్రుతి పలుకుతుంది. మూడోది, మీటిన నాదం తొందరగా చచ్చిపోతుంది. అందుకే పాశ్చాత్యులు ఒకే స్వరాన్ని గబగబా పదేపదే మీటి నిలబెడతారు. విలంబ కాలంలో ఆలాపన చెయ్యడానికి అది పనికిరాదు.

సోనోమీటరు చెప్పిన జవాబు

మన లేబరేటరీలో సోనోమీటరు మీద తీగకు బరువులు వేలాడదీసి చేసే ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. పొడవు మారకుండా ఉంటే తీగ పౌనఃపున్యం తన్యత వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. రికార్డులో ఈ వాక్యం రాసి మార్కులు తెచ్చుకున్నాను గాని, దీనికి సంగీతంలో పని ఉంటుందని ఊహించలేదు.

తీగను పక్కకు లాగితే తన్యత పెరుగుతుంది. ఎంత పెరగాలి? ఒక మెట్టు ఎత్తు స్వరం రావాలంటే నిష్పత్తి 1.0595. దాని వర్గం సుమారు 1.12. అనగా తన్యత 12 శాతం పెరగాలి. రెండు మెట్ల ఎత్తు కావాలంటే 26 శాతం. మూడు మెట్లకు 41 శాతం! ఇదంతా వేలి కొస చెయ్యాలి. అదీ ఒక్కసారి కాదు, కచేరీలో కొన్ని వేలసార్లు, ప్రతిసారీ తూచినట్టు.

ఇంకో సూక్ష్మం ఉంది. తీగను లాగితే స్వరం పైకే పోతుంది గాని కిందికి దిగదు. మరి పై నుంచి కిందికి జారే గమకం ఎలా? మీటకముందే తీగను లాగి ఉంచుకోవాలి. అప్పుడు మీటి, మెల్లగా వదలాలి. అంటే స్వరం వినబడక ముందే అది ఎక్కడుందో వేలికి తెలిసి ఉండాలి. శ్రుతి చెవిలో ఉంటే చాలదు, చేతిలో కూడా ఉండాలన్నమాట.

శ్రీనివాస్ గారు ఎన్నుకున్నది ఎలక్ట్రిక్ మాండలిన్. అందులోనూ జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు. నాలుగు జతల బదులు 5 ఒంటి తీగలు. ఈ మార్పులోని తెలివి భౌతికశాస్త్రం చదివినవారికి వెంటనే బోధపడుతుంది. ఒంటి తీగ అయితే లాగడానికి కావలసిన బలం సగమవుతుంది, జంటల మధ్య అపశ్రుతి భయం పోతుంది. అయిదో తీగ వల్ల వాద్యం పరిధి పెరుగుతుంది.

ఇక విద్యుత్తు చేసిన మేలు వేరు. మామూలు మాండలిన్‌లో తీగ శక్తి చెక్కపెట్టెను కదిలించి గాలిలోకి పోతుంది. బాగా వినబడాలంటే శక్తి తొందరగా ఖర్చు కావాలి, అందుకే నాదం తొందరగా ఆరిపోతుంది. ఎలక్ట్రిక్ వాద్యంలో తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట ఉంటాయి. ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం మారి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఇది 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే. ధ్వనిని పెంచే పని యాంప్లిఫయరు చూసుకుంటుంది గనుక తీగ తన శక్తిని పొదుపుగా ఖర్చు పెట్టుకుంటుంది. నాదం నిలుస్తుంది. ఆ నిలిచిన కాసేపట్లో వేలు గమకం పలికిస్తుంది.

అయినా ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఎలక్ట్రిక్ మాండలిన్ ఎవరైనా కొనుక్కోవచ్చు. 12 శాతం, 26 శాతం లెక్క నేను పావుగంటలో వేశాను. కాని ఆ లెక్కను వేలికి నేర్పడానికి ఆయనకు బాల్యమంతా పట్టింది.

మద్రాసులో పరీక్ష

కుటుంబం మద్రాసు చేరింది. 1981 డిసెంబరు సంగీతోత్సవాల్లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద 12 ఏళ్ల శ్రీనివాస్ కచేరీ చేశారు. ఎలక్ట్రిక్ మాండలిన్ ఏమిటి, కర్ణాటక సంగీతం ఏమిటి అని మొదట శంకించినవారు లేకపోలేదు. కరెంటు తీగ తగిలించిన సినిమా వాద్యాన్ని త్యాగరాజస్వామి కృతులున్న వేదిక మీద పెట్టడం కొందరికి మింగుడుపడలేదు. విన్న తరువాత మాత్రం ఆ మాట వెనకబడిపోయింది. అప్పటి నుంచి ఆయన ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు. "మాండలిన్ శ్రీనివాస్" అనే అందరూ పిలిచారు.

నిజానికి ఇటువంటి శంక మనకు కొత్త కాదు. ఈరోజు వయొలిన్ లేని గాత్ర కచేరీ అరుదు. అది కూడా పడమటి నుంచి వచ్చిందే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1858) దాన్ని నేర్చి మన సంగీతానికి అలవాటు చేసినవారిలో మొదటివాడు. తరువాతి కాలంలో విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893-1964) ఆ వాద్యంతోనే తెలుగువారి పేరు నిలబెట్టారు. కర్ణాటకలో కద్రి గోపాల్‌నాథ్ (1949-2019) బ్యాండుల్లో ఊదే శాక్సఫోన్‌ను కచేరీకి తెచ్చారు. వయొలిన్‌కు మెట్లు లేవు, వేలు జారితే స్వరం జారుతుంది. మెట్లున్న మాండలిన్‌కు ఆ సౌకర్యం లేదు. ఆ విధంగా చూస్తే శ్రీనివాస్ గారి పని మరింత కష్టమని నా అభిప్రాయం.

బెర్లిన్: జాజ్ వాళ్లకు మన పిల్లవాడితో ఏమి పని?

1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో శ్రీనివాస్ వాయించారు. అప్పటికి ఆయన వయసు 14 ఏళ్లు. జాజ్ ఉత్సవానికి కర్ణాటక సంగీతం వాయించే కుర్రవాణ్ణి ఎందుకు పిలిచారు? దీనికి జవాబు కోసం జాజ్ అంటే ఏమిటో కొంచెం తెలుసుకోవాలి.

జాజ్ అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో, నల్లజాతివారి మధ్య, 20వ శతాబ్దం ఆరంభంలో రూపు దిద్దుకున్నది. అది పుట్టింది పెద్ద పెద్ద సభా భవనాల్లో కాదు. వీధుల్లో నడిచే బ్యాండు మేళాల్లో. పండుగకూ వాళ్లే, ఊరేగింపుకూ వాళ్లే, శవయాత్రకూ వాళ్లే. ఆ మేళాల్లో అడుగు స్వరం పట్టేది ట్యూబా అనే పెద్ద ఇత్తడి బూర. దాని గొట్టాన్ని చుట్టలు విప్పి సాగదీస్తే సుమారు 18 అడుగులుంటుంది. మా అక్క పెళ్లిలో చూసిన పెద్ద బూర ఆ జాతిదే.

ఈ ట్యూబా కథ కూడా వినదగినదే. 1925 ప్రాంతంలో మైక్రోఫోనుతో విద్యుత్ రికార్డింగు వచ్చింది. తీగలున్న పెద్ద బేస్ వాద్యం స్పష్టంగా వినబడసాగింది. వీధి వదిలి హాల్లో కూర్చుని వాయించే బృందాలూ పెరిగాయి. 1930లు వచ్చేసరికి ట్యూబా జాజ్‌లో మూలబడింది. అది లావుపాటి బూర, గబగబా పలకదు, పాటకు పనికిరాదు అన్నారు. 1949-50లో మైల్స్ డేవిస్ అనే ట్రంపెట్టు విద్వాంసుడు తొమ్మిదిమంది బృందంలో మళ్లీ ట్యూబాకు చోటిచ్చాడు. దాన్ని బిల్ బార్బర్ వాయించాడు. ఆ తరువాత హోవర్డ్ జాన్సన్ (1941-2021) అనే ఆయన తానే సొంతంగా ట్యూబా నేర్చుకుని, దాని మీద పాట పలికించి, ఏకంగా ట్యూబాలతోనే ఒక బృందం కట్టాడు. విచిత్రం ఏమిటంటే, విద్యుత్తు ట్యూబాను వెనక్కి నెట్టింది, మాండలిన్‌ను ముందుకు తెచ్చింది. రెండుచోట్లా చివరికి తేల్చింది యంత్రం కాదు, మనిషే.

జాజ్‌కు ప్రాణం అప్పటికప్పుడు కల్పించి వాయించడం. పాట ఒక చట్రం మాత్రమే. మన సంగీతంలో దీన్ని మనోధర్మం అంటాము. రాగాలాపన, కల్పన స్వరాలు, తానం ఇవన్నీ అదే. అందుచేత మన కచేరీ విన్న జాజ్ శ్రోతకు భాష తెలియకపోయినా, ఈ పిల్లవాడు కంఠతా పట్టింది ఒప్పజెప్పడం లేదు, ఇప్పుడే ఇక్కడే ఆలోచిస్తున్నాడు అని తెలుస్తుంది. బెర్లిన్ తలుపు తెరిచింది ఈ గుణమే. శ్రీనివాస్ గారికి చిన్నతనంలోనే, 1976 ప్రాంతంలో, వాసురావుగారనే గిటారిస్టు పాశ్చాత్య సంగీతం పరిచయం చేశారు. ఆ పరిచయం తరువాత బాగా అక్కరకు వచ్చింది.

ఆ తరువాతి ప్రయాణం

1995లో కెనడా దేశపు గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి "డ్రీమ్" అనే ఆల్బమ్ చేశారు. ఇంగ్లండుకు చెందిన జాన్ మెక్‌లాఫ్లిన్ అనే గిటారిస్టు 1969లో మైల్స్ డేవిస్ రికార్డుల్లో వాయించినవాడు. 1970లలో మన విద్వాంసులతో "శక్తి" అనే బృందం నడిపినవాడు. ఆ బృందాన్ని 1997లో "రిమెంబర్ శక్తి" పేరుతో మళ్లీ మొదలుపెట్టాక, అందులో శ్రీనివాస్ గారు చేరారు. తబలా జాకీర్ హుస్సేన్ (1951-2024), కంజీర సెల్వగణేశ్, గానం శంకర్ మహదేవన్. 2001లో వచ్చిన "సాటర్డే నైట్ ఇన్ బాంబే" రికార్డులో వీరి సంగీతం వినవచ్చును.

నేను సంగీత పండితుణ్ణి కాను. అయినా విన్నంతలో ఒకటి గమనించాను. ఆ బృందంలో గిటారుతో జవాబు చెప్పేటప్పుడు కూడా శ్రీనివాస్ గారు రాగం విడిచిపెట్టరు. ఎదుటివాడి మాట శ్రద్ధగా వింటారు, జవాబు తన భాషలో చెబుతారు. పరాయి ఊరు వెళ్లినవాడు మన యాస దాచుకోకుండా, ఎదుటివారి యాసను ఎగతాళి చెయ్యకుండా మాట్లాడినట్టుంటుంది. పై చదువులకు, ఉద్యోగాలకు ఊళ్లు వదిలి వెళ్లబోయే మనందరికీ ఇందులో పాఠం ఉంది.

1998లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2009 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. తమ్ముడు రాజేశ్ కూడా మాండలిన్ విద్వాంసుడే, అన్నగారి దగ్గర నేర్చి అనేక కచేరీల్లో పక్కన కూర్చుని వాయించారు. 2014లో శ్రీనివాస్ గారికి కాలేయ మార్పిడి శస్త్రచికిత్స జరిగింది. దాని తరువాత వచ్చిన ఇబ్బందులతో ఆ ఏడాది సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూశారు. వయసు 45 ఏళ్లు మాత్రమే. అప్పటికి నేను చిన్నబడిలో ఉన్నాను. మన జిల్లా మనిషి పోయాడని కూడా నాకు తెలియలేదు.

శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారూ (1930-2016) అంతే, పాలకొల్లు శ్రీనివాస్ గారూ అంతే. గోదావరి నీళ్లు తాగి పెరిగి మద్రాసులో వెలిగారు. పంట మనది, మార్కెట్టు వేరేచోటిది. ధాన్యం విషయంలో రైతుబిడ్డగా నాకు ఆ బాధ తెలుసు. కాని ఇందులో మద్రాసును అనవలసింది ఏమీ లేదు. వాళ్లు విన్నారు. వినేవాళ్లున్న చోటికి వాద్యం వెళ్తుంది.

చివరిగా

ఇప్పుడు మళ్లీ పెళ్లి పందిరికి వస్తాను. ఒక విషయం పైన చెప్పకుండా దాటవేశాను. ఆ రాత్రి బ్యాండువాళ్లు మూడు గంటలు వాయించారు. భోజనాలు మాత్రం వాళ్లకు అందరికంటే ఆఖరున, పందిట్లో కాకుండా పశువుల పాక పక్కన పెట్టారు. విస్తళ్లు తీసుకెళ్లినవాడిని నేనే. మా ఇంట్లో ఎవరికీ అది తప్పనిపించలేదు, ఎప్పుడూ అలాగే జరుగుతుంది గనుక. నాకు అనిపించింది గాని నోరు విప్పలేదు. శ్రీనివాస్ గారి నాన్నగారి గురించి ఆ కుర్రాడు చెప్పినప్పుడు అతని గొంతులో ఉన్న గర్వం ఎందుకో ఇప్పుడు అర్థమవుతున్నది. అతను నాకు సమాచారం చెప్పలేదు. మేమూ మనుషులమే, మా ఇళ్లల్లోనూ విద్య ఉంటుంది అని చెప్పాడు.

ఇంటికి వెళ్లినప్పుడు ఈ మాట నాన్నతో అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "చెల్లి పెళ్లికి చూద్దాంలే" అన్నాడు. ఆ మాటను నేను మర్చిపోను, ఆయన్నీ మర్చిపోనివ్వను.

ఈ వాద్యం మనది, ఇది మనది కాదు. ఈ వాద్యం మీద ఇది రాదు. ఈ మనిషి ఇక్కడే కూర్చోవాలి. ఇవన్నీ మెట్లే. మెట్లు ఎవరో బిగించి పెట్టినవి. స్వరం మెట్టు మీద మాత్రమే ఉంటుందని నమ్మినవారికి రెండు మెట్ల మధ్య ఉన్నది వినిపించదు. పాలకొల్లు పిల్లవాడు అక్కడే తన సంగీతం వెతుక్కున్నాడు.

మన విద్యార్థి సంఘానికి ఒక చిన్న మనవితో ముగిస్తాను. ప్రతి ఏటా వార్షికోత్సవానికి సినిమా పాటల ఆర్కెస్ట్రా పిలుస్తున్నాము, సంతోషమే. వచ్చే సంవత్సరం ముఖ్య అతిథిని గేటు దగ్గర నుంచి తీసుకువచ్చిన బ్యాండువాళ్లను అక్కడితో పంపించెయ్యకుండా, వేదిక మీద కుర్చీలు వేసి కూర్చోబెట్టి, ఒక అరగంట వారికి నచ్చింది వాయించమని అడుగుదాం. క్లారినెట్టు మీద ఒక కీర్తన విందాం. వెనకనున్న పెద్ద బూర ఒంటరిగా ఏమి పలుకుతుందో కూడా విందాం. ఆ తరువాత వారితో కలిసి మొదటి పంక్తిలోనే భోజనం చేద్దాం.

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ., గణిత-భౌతిక-రసాయన శాస్త్రాల విభాగం)